ఆన్యో నువెవో తీరం: దూరం కోరే సీళ్లు, చేతులు కోరే పచ్చిక

శాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణంగా సుమారు 90 కిలోమీటర్ల దూరంలో, పసిఫిక్ తీరాన్ని అంటిపెట్టుకుని సాగే ఒకటో నంబరు రహదారి పక్కన ఆన్యో నువెవో స్టేట్ పార్కు ఉంది. ఉత్తర ఏనుగు సీళ్లు వేల సంఖ్యలో ఒడ్డుకు చేరి పిల్లల్ని కనే చోటుగా దానికి ప్రపంచమంతటా పేరుంది. డిసెంబరు మధ్య నుంచి మార్చి నెలాఖరు దాకా అక్కడికి వచ్చే సందర్శకులు తమంతట తాము ఇసుక తిన్నెల్లోకి వెళ్లడానికి వీల్లేదు. శిక్షణ పొందిన స్వచ్ఛంద మార్గదర్శకులు ఒకరు వెంట ఉండి తీసుకువెళ్లాలి. జంతువుకూ మనిషికీ మధ్య కనీసం ఎనిమిది మీటర్ల ఎడం ఉండేలా చూడటమే ఆ మార్గదర్శకుల మొదటి బాధ్యత. అదే పార్కులో, రహదారికి కొండల వైపున, కిరోస్తె లోయ అనే సాంస్కృతిక పరిరక్షణ ప్రాంతం ఉంది. అక్కడ మూలవాసులైన అమా ముత్సున్ తెగకు చెందిన యువతీయువకులు రంపాలు పట్టుకుని చెట్లు కొడుతుంటారు, పొదలు పెరికేస్తుంటారు, ఆ నేల మీదికి మళ్లీ నిప్పును తేవాలని చూస్తుంటారు. ఒకచోట మనిషిని ప్రకృతికి దూరంగా నిలబెడుతున్నారు, దానికి కూతవేటు దూరంలోనే మనిషి చేతికి గొడ్డలీ నిప్పూ ఇస్తున్నారు. రెండు పనుల పేరూ పరిరక్షణే.

ఈ రెండింటిలో ఏది సరైనదని అడగడం తప్పు ప్రశ్న. ఆ తీరంలో ఏ ప్రాణికి మనిషి దూరం కావాలో, ఏ నేలకు మనిషి చేయి కావాలో ఎలా తేల్చాలన్నది అసలు చిక్కు. దాన్ని విప్పాలంటే ముందు సీళ్ల సంగతి చూడాలి, ఆ తర్వాత సీళ్లకంటే ముందు అక్కడున్న మనుషుల సంగతి చూడాలి. ఈ రెండు కథలనూ విడివిడిగా చెప్పే అలవాటు వల్లనే చాలా విషయాలు మనకు కనిపించకుండా పోయాయని నా అభిప్రాయం.

పందొమ్మిదో శతాబ్దంలో దీపాలకూ యంత్రాలకూ నూనె కావలసి వచ్చి, వేటగాళ్లు ఏనుగు సీళ్ల మీద పడ్డారు. ఒడ్డు మీద కదలకుండా పడుకుని ఉండే అంత పెద్ద జంతువును చంపడానికి నేర్పు కూడా అక్కర్లేదు. చర్మం కింద దట్టంగా ఉండే కొవ్వును కోసి, కరిగించి, పీపాల్లో నింపుకుపోయేవారు. కొన్ని దశాబ్దాల్లోనే ఆ జాతి అంతరించిపోయిందన్న నిర్ధారణకు వచ్చారు. 1892లో స్మిత్‌సోనియన్ సంస్థ తరఫున మెక్సికోకు చెందిన గ్వాదలూపె దీవికి వెళ్లిన బృందానికి కొద్దిపాటి సీళ్లు కనిపిస్తే, ఎలాగూ అంతరించిపోయే జాతే కదా, మ్యూజియంలోనైనా మిగలాలని వాటిలో ఏడింటిని చంపి తీసుకువెళ్లారు. ఆ కాలపు శాస్త్రజ్ఞులకు జాతిని కాపాడటం కంటే నమూనాను కాపాడటం ముఖ్యమనిపించింది. ఆ దీవి పరిసరాల్లో, బహుశా వంద లోపు సంఖ్యలో, మిగిలిన జంతువుల నుంచే నేటి సీళ్లన్నీ పుట్టాయి. 1922లో మెక్సికో వాటికి రక్షణ కల్పించింది, ఆ తర్వాత అమెరికా కూడా కల్పించింది. అవి మెల్లమెల్లగా ఉత్తరానికి వ్యాపించి, 1955లో ఆన్యో నువెవో భూశిరానికి ఎదురుగా ఉన్న చిన్న దీవి మీద కనిపించాయి. 1961లో ఆ దీవి మీద మొదటి పిల్లలు పుట్టాయి. 1975 జనవరిలో ప్రధాన భూభాగం మీద, అంటే ఇప్పుడు సందర్శకులు నడిచే ఇసుక మీద, మొదటి పిల్ల పుట్టింది. మరో ఇరవై ఏళ్లు తిరిగేసరికి, 1994–95 శీతాకాలంలో, అక్కడ పుట్టిన పిల్లలు సుమారు 2,000. ఈ రోజు ఆ జాతి మొత్తం సంఖ్య 2 లక్షలకు పైమాటే.

రక్షణ చట్టం ఒక జాతిని ఎలా నిలబెట్టగలదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. అయితే సంఖ్య కోలుకున్నంత మాత్రాన జాతి పూర్తిగా కోలుకున్నట్టు కాదు. కొద్దిపాటి పూర్వీకుల నుంచి ఇన్ని లక్షలు పుట్టడం వల్ల వాటి మధ్య జన్యు వైవిధ్యం చాలా తక్కువగా ఉంది. కొత్త రోగం వస్తే తట్టుకునే శక్తి అందరిలోనూ ఒకే తీరుగా ఉండటం ప్రమాదకరం. 2023లో అర్జెంటీనాలోని వాల్దెస్ ద్వీపకల్పంలో హెచ్5ఎన్1 పక్షి జ్వరం వీటి దాయాదులైన దక్షిణ ఏనుగు సీళ్లకు సోకి, ఆ ఏడాది పుట్టిన పిల్లల్లో 17 వేలకు పైగా చనిపోయినప్పుడు, ఉత్తరాన ఉన్న పరిశోధకులు అంతగా కలవరపడటానికి ఇది ఒక కారణం.

సీళ్లకు మనిషి దూరం ఎందుకు కావాలో వాటి శరీరధర్మం చూస్తే అర్థమవుతుంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఇవి నడిసముద్రంలో ఉంటాయి. సగటున అయిదారు వందల మీటర్ల లోతుకు మునిగి, ఇరవై నిమిషాలకు పైగా ఊపిరి బిగబట్టి వేటాడి, రెండు మూడు నిమిషాలు పైకి తేలి, మళ్లీ మునుగుతాయి. సముద్రంలో ఉన్నంత కాలం ఇవి రోజుకు సుమారు రెండు గంటలే నిద్రపోతాయని 2023లో వెలువడిన పరిశోధన తేల్చింది. ఒడ్డుకు వచ్చేది రెండే రెండు పనుల కోసం: ఒకటి పిల్లల్ని కనడం, జతకట్టడం, రెండోది పాత చర్మాన్ని వెంట్రుకలతో సహా వదిలించుకోవడం. ఈ రెండు కాలాల్లోనూ అవి ఏమీ తినవు. అయిదు మీటర్ల దాకా పొడవు, రెండు టన్నులకు పైగా బరువు ఉండే మగ సీలు డిసెంబరులో ఒడ్డెక్కి, మూడు నెలల దాకా నీళ్లలోకి దిగకుండా, తన చోటు కోసం తోటి మగవాటితో పోరాడుతూ గడుపుతుంది. ఆడ సీలు ఒడ్డుకు వచ్చిన కొద్ది రోజులకే కని, నాలుగు వారాల పాటు పాలిస్తుంది. ఆ పాలలో సగానికి పైగా కొవ్వే. పుట్టినప్పుడు సుమారు 34 కిలోలున్న పిల్ల నెల తిరిగేసరికి 130 కిలోల దాకా పెరుగుతుంది. తల్లి తన బరువులో దాదాపు మూడో వంతు కోల్పోతుంది. అంటే ఆ ఒడ్డు మీద జరిగే ప్రతి అనవసరమైన కదలికకూ మూల్యం ఒంట్లో నిల్వ ఉన్న కొవ్వే. మనిషిని చూసి బెదిరిన తల్లి పదడుగులు పక్కకు జరిగినా, గుంపు చెదిరి పిల్ల తప్పిపోవచ్చు. మగవాటి మధ్య కొత్త గొడవ మొదలై పిల్లలు వాటి కింద పడి నలిగిపోవచ్చు.

1970ల మధ్యలో, పిల్లలు ప్రధాన భూభాగం మీద పుట్టడం మొదలయ్యాక, జనం వెల్లువలా వచ్చారు. అప్పటికే 1972 నాటి సముద్ర క్షీరదాల రక్షణ చట్టం అమల్లో ఉంది, ఆ జంతువులను వేధించడం నేరమని అది చెబుతోంది. కానీ కిలోమీటర్ల కొద్దీ పరచుకున్న ఇసుక మీద చట్టాన్ని అమలు చేసేందుకు సరిపడా సిబ్బంది ఎక్కడున్నారు? మార్గదర్శకులతో నడక అనే పద్ధతి ఆ ఒత్తిడిలోంచి వచ్చింది. అక్కడ వారిని డోసెంట్లు అంటారు. శాంతాక్రూజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 1960ల చివరి నుంచే సీళ్లను అధ్యయనం చేస్తుండటం వల్ల, ఏం చెప్పాలో, ఎక్కడ ఆగాలో వారికి నేర్పగలిగిన జ్ఞానం కూడా పక్కనే దొరికింది. శరదృతువులో తరగతులూ క్షేత్ర శిక్షణా పూర్తిచేసుకున్నవారే శీతాకాలంలో సందర్శకులను వెంటబెట్టుకుని వెళ్తారు.

ఆ పని ఎలా ఉంటుందో కొంచెం దగ్గరగా చూడాలి. నడక మొత్తం అయిదారు కిలోమీటర్లు, సుమారు రెండున్నర గంటలు. దిబ్బల మధ్య దారి ఏ రోజుకు ఆ రోజు మారుతుంది, ఎందుకంటే నిన్న ఖాళీగా ఉన్న మలుపులో ఈ రోజు ఒక మగ సీలు పడుకుని ఉండవచ్చు. అందుకని కొందరు వాలంటీర్లు బృందాలకంటే ముందు తిరిగి దారి చూసి, ఎక్కడ ఏ జంతువు ఉందో మిగతావారికి తెలియజేస్తారు. ఇసుకలో సగం పూడుకుని, ఒళ్లంతా ఇసుక రంగులో ఉన్న సీలును కొత్తవారు కొయ్యదుంగ అనుకునే అవకాశం ఎక్కువ. అది తల ఎత్తిందంటే డోసెంట్ మాట్లాడటం ఆపి, అందరినీ వెనక్కి నడిపిస్తారు. అది తిరిగి తల వాల్చేదాకా వేచి ఉంటారు. ఒడ్డున కొన్ని సీళ్ల పక్కటెముకల మీద నల్లని అక్షరాలు, అంకెలు కనిపిస్తాయి. అవి పరిశోధకులు జుట్టు రంగుతో వేసిన గుర్తులు. చర్మం రాలినప్పుడు ఆ రంగు కూడా రాలిపోతుంది, వెనక రెక్క మీద తగిలించిన చిన్న ప్లాస్టిక్ బిళ్ల మాత్రం ఏళ్ల తరబడి ఉంటుంది. ఆ బిళ్లల ఆధారంగానే ఒక తల్లి ఎన్నేళ్లు బతికింది, ఎన్ని పిల్లల్ని కన్నది, ఎక్కడికి తిరిగి వచ్చింది అన్న లెక్కలు యాభై ఏళ్లకు పైగా పేరుకున్నాయి.

డోసెంట్లకు అన్నిటికంటే కష్టమైన ఘడియ వేరే ఉంది. పోటు అలలకు కొట్టుకుపోయో, గుంపు చెదిరిపోయో తల్లిని పోగొట్టుకున్న పిల్ల అరుస్తూ ఒక ఆడ సీలు దగ్గర నుంచి మరో ఆడ సీలు దగ్గరికి పాకుతుంది, ప్రతిచోటా కరిపించుకుంటుంది. చూస్తున్నవారిలో ఎవరో ఒకరు, తరచూ ఒక పసివాడు, దాన్ని ఎవరూ కాపాడరా అని అడుగుతాడు. సహజ కారణాల వల్ల జరిగే దానిలో పార్కు సాధారణంగా జోక్యం చేసుకోదని అతనికి చెప్పాలి. ఎందుకు చేసుకోదో కూడా చెప్పాలి: ఆ పిల్లను తీసుకురావడానికి మనుషులు గుంపులోకి దిగితే మరో పది పిల్లలు తప్పిపోతాయి. ఈ మాటను కఠినంగా కాకుండా, అబద్ధపు ఓదార్పు లేకుండా చెప్పగలగడం గొప్ప నేర్పు అని నేను నమ్ముతాను. బోర్డు మీద రాసిపెట్టిన నిబంధన ఎప్పటికీ ఆ పని చేయలేదు. స్వచ్ఛంద సేవ అంటే ప్రభుత్వానికి ఖర్చు తగ్గించే ఏర్పాటుగా మాత్రమే చూసేవారు ఈ సంగతిని గమనించాలి. చక్రాల కుర్చీలో ఉన్నవారిని చెక్కబాట మీదుగా సీళ్లు కనిపించే చోటి దాకా తీసుకువెళ్లే ప్రత్యేక నడకలను నిర్వహించేదీ వీరే.

ఇప్పుడు మొదటి చిక్కుముడి దగ్గరికి వద్దాం. సీళ్లు 1975లో ప్రధాన భూభాగం మీదికి తిరిగి వచ్చాయని అనడం మామూలు. కానీ అవి పూర్వం నిజంగా అక్కడ ఉండేవా? ఈ తీరంలో మూలవాసులు వేల ఏళ్లుగా వదిలిన గవ్వల దిబ్బల్లో, అంటే ఆల్చిప్పలు, ఎముకలు, రాతి పనిముట్ల ముక్కలు పేరుకున్న పొరల్లో, పురావస్తు శాస్త్రజ్ఞులకు ఫర్ సీళ్ల ఎముకలు బాగానే దొరికాయి. ఏనుగు సీళ్ల ఎముకలు మాత్రం అరుదు. ఒడ్డు మీద వేల సంఖ్యలో పడుకుని ఉండే, వందల కిలోల మాంసం ఉన్న జంతువును వేటగాళ్లు వదిలిపెట్టి ఉంటారని అనుకోవడం కష్టం. కాబట్టి ఆ కాలంలో అవి ప్రధాన భూభాగం మీద పెద్ద గుంపులుగా ఉండేవి కావని, మనుషులూ గ్రిజ్లీ ఎలుగుబంట్లూ చేరలేని దీవులకే పరిమితమై ఉండేవని పరిశోధకుల్లో చాలామంది భావిస్తారు. కాలిఫోర్నియాలో గ్రిజ్లీలను 1920ల నాటికి పూర్తిగా తుడిచిపెట్టేశారు. మూలవాసులను అంతకు ముందే ఆ తీరం నుంచి తరలించారు. ఒడ్డు నిరపాయంగా మారింది, సీళ్లు వచ్చాయి. ఈ రోజు మనం చెక్కుచెదరని ప్రకృతి అనుకుని చూస్తున్న ఆ దృశ్యం, నిజానికి రెండు లేమిల మీద నిలబడి ఉంది. దానివల్ల సీళ్ల విలువ ఏమీ తగ్గదు, వాటికి ఇచ్చే రక్షణ కూడా తప్పు కాదు. కానీ ఆ ఒడ్డు ఎలా ఖాళీ అయిందో చెప్పకుండా సీళ్ల పునరాగమనాన్ని వేడుకగా చెప్పడం సగం కథే అవుతుంది.

మిగతా సగం కిరోస్తెలది. ఈ తీరపు మూలవాసులైన ఓలోని ప్రజల్లో ఒక శాఖ అయిన వీరు ఆన్యో నువెవో చుట్టుపక్కల బలమైన సమూహంగా ఉండేవారు. ఈ భూశిరం దగ్గర దొరికే చెకుముకి జాతి రాయితో పనిముట్లు చేసేవారు, చిన్న సముద్రపు గవ్వలతో పూసలు చేసేవారు. ఆ వస్తువులు చేతులు మారుతూ కొండల అవతలికి ప్రయాణించేవి. 1769 అక్టోబరులో గాస్పర్ ద పొర్తొలా నాయకత్వంలో ఉత్తరానికి నడుస్తున్న స్పానిష్ బృందం, స్కర్వీ రోగంతో చాలామంది మంచం పట్టిన స్థితిలో, వీరి ఊరికి చేరింది. ఊరి మధ్యలో రెండు వందల మందికి పైగా పట్టే పెద్ద గుండ్రని ఇల్లు ఉండటం చూసి, ఆ బృందం ఆ చోటును కాసా గ్రాండె అని పిలిచింది. కిరోస్తెలు వారికి ఆహారం పెట్టారు, ముందు దారి చూపడానికి మనుషులను ఇచ్చారు. ఆ బృందంతో నడిచిన ఫ్రాన్సిస్కన్ ఫాదర్ హువాన్ క్రెస్పీ తన దినచర్యలో తీరం వెంట గడ్డి కాల్చిన నేలలను మళ్లీ మళ్లీ ప్రస్తావించారు. ఆ ప్రస్తావనల విలువ చాలా కాలం ఎవరికీ తట్టలేదు.

తర్వాతి పాతికేళ్లలో ఆ ప్రపంచం కూలిపోయింది. స్పానిష్ క్రైస్తవ మతప్రచార కేంద్రాలైన మిషన్లు, అంటే ఉత్తరాన శాన్‌ఫ్రాన్సిస్కో మిషన్, దక్షిణాన 1791లో మొదలైన శాంతాక్రూజ్ మిషన్, ఈ ప్రాంతపు మనుషులను తమలోకి లాక్కున్నాయి. అక్కడ చేరినవారికి తిరిగి వెళ్లే స్వేచ్ఛ లేదు. కొత్త రోగాలు, కిక్కిరిసిన వసతి, బలవంతపు చాకిరీ కలిసి తరాలను తుడిచిపెట్టాయి. కిరోస్తె నాయకుడు చార్కిన్ మిషన్‌లో చేరినట్టే చేరి, కొద్ది రోజులకే కొండల్లోకి వెళ్లిపోయి, పారిపోయి వచ్చినవారికి ఆశ్రయమిచ్చాడు. 1793లో స్పానిష్ సైనికులు అతన్ని పట్టుకున్నారు. అదే ఏడాది డిసెంబరు 14 రాత్రి కిరోస్తెలూ వారి మిత్రులూ శాంతాక్రూజ్ మిషన్ మీద దాడి చేసి ఇళ్లకు నిప్పు పెట్టారు. అదే ఏడాది మే నెలాఖరులో స్పానిష్ గవర్నర్ ఆర్రియాగా ఒక ఉత్తర్వు జారీ చేశాడు: మూలవాసులు ఎవరూ, మిషన్‌లో చేరినా చేరకపోయినా, పచ్చిక బయళ్లను తగలబెట్టకూడదని. మనుషుల చరిత్ర రాసేవారికి మొదటి రెండు సంఘటనలు ముఖ్యం, నేల చరిత్ర రాసేవారికి మూడోది ముఖ్యం. మూడూ 1793లోనే జరగడం యాదృచ్ఛికమని నేను అనుకోను. నేల మీద ఎవరి పద్ధతి నడవాలన్న పోరాటం అది.

గడ్డిని ఎందుకు కాల్చేవారన్న ప్రశ్నకు జవాబు కిరోస్తె లోయ మట్టిలోనే దొరికింది. పాత ఊరి ఆనవాళ్లున్న చోట బర్కిలీ విశ్వవిద్యాలయం పరిశోధకులు, స్టేట్ పార్కుల పురావస్తు విభాగం, అమా ముత్సున్ తెగ కలిసి పరిశోధన జరిపారు. నేలను తక్కువగా తవ్వి, తీసిన కొద్దిపాటి మట్టి నుంచి ఎక్కువ రాబట్టాలన్నది అక్కడి నియమం. ఆ మట్టిని నీళ్లలో కలిపితే బరువైనవి అడుగుకు చేరతాయి, కాలి బొగ్గైన గింజలు పైకి తేలతాయి. ఆ తేలిన నల్లని నలుసులను సన్నని గుడ్డ మీద ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటిగా వేరుచేస్తారు. అలా వేరుచేసిన వాటిలో గడ్డి గింజలు, టార్‌వీడ్ అనే పూలమొక్క గింజలు, హేజెల్ కాయల పెంకులు విరివిగా ఉన్నాయి. ఇవన్నీ ఎండ తగిలే బహిరంగ నేలల్లో, తరచూ కాలే చోట్ల బాగా పండేవే. హేజెల్ పొద కాలిన తర్వాత మొదలు నుంచి కొత్త కొమ్మలు వేసి కాయలు కాస్తుంది, ఆ నిటారు కొమ్మలే బుట్టలు అల్లడానికి కూడా పనికొస్తాయి. అయితే ఈ తీరంలో పిడుగులు పడటం అరుదు. పిడుగుల వల్ల మాత్రమే మంటలు రాజుకునేవైతే, ఆ లోయ పొదలతో, ఆ తర్వాత ఫర్ చెట్లతో నిండిపోయి ఉండేది. కాబట్టి శతాబ్దాల పాటు ఆ నేలను పచ్చికగా నిలిపింది మనిషి పెట్టిన నిప్పేనని పరిశోధకులు తేల్చారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పడం అవసరం. మూలవాసులు ఏ ప్రాణికీ హాని చేయకుండా బతికారన్న మాట, సదుద్దేశంతో అన్నదే అయినా, నిజం కాదు. ఈ తీరంలోని గవ్వల దిబ్బల్లో ఎగరలేని ఒక సముద్రపు బాతు ఎముకలు దొరుకుతాయి. వేల ఏళ్ల వేట తర్వాత, నేటికి సుమారు 2,400 ఏళ్ల కిందట అది అంతరించింది. వారిని దేవతలుగా చూపడం కూడా వారిని చూడకపోవడమే. నేల నుంచి ఏం తీసుకుంటే ఏమవుతుందో తరతరాలుగా గమనించి, పద్ధతులు ఏర్పరచుకున్న మనుషులుగా వారిని చూస్తే చాలు.

నిప్పు ఆగిపోయిన తర్వాత కూడా ఆ పచ్చిక కొంతకాలం నిలిచింది, ఎందుకంటే 1860ల నుంచి అక్కడ పాడి పరిశ్రమ నడిపిన స్టీల్ సోదరుల పశువులు దాన్ని మేశాయి. మేత కూడా తగ్గిపోయాక కయోటీ బ్రష్ అనే పొద, దాని వెనకే డగ్లస్ ఫర్ చెట్లు గడ్డి నేలను ఆక్రమిస్తూ వచ్చాయి. చెట్లు పెరగడం మంచిదే కదా అని చాలామందికి అనిపిస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కో గార్టర్ పాము సంగతి వింటే ఆ అభిప్రాయం సడలుతుంది. ఎరుపు, నలుపు, నీలివన్నె చారలతో మెరిసే ఈ పాము 1967లోనే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాకెక్కింది. దీనికి తిండి కోసం కప్పలున్న చెరువు కావాలి, ఎండ కాచుకోవడానికీ, ఎలుకల బొరియల్లో తలదాచుకోవడానికీ ఆ చెరువు పక్కనే గడ్డి నేల కావాలి. ఆన్యో నువెవోలో ఇవి బతుకుతున్న చెరువుల్లో వ్యవసాయ అవసరాలకు మనుషులు కట్టుకున్నవి ఉన్నాయి. మనిషి తవ్విన చెరువు, మనిషి నిలిపిన పచ్చిక, వాటి మధ్య ఒక అరుదైన పాము. దీన్ని మనిషి నుంచి దూరంగా ఉంచి కాపాడతామనడానికి అర్థమే లేదు.

ఎదురుగా ఉన్న దీవిలోనూ ఇలాంటి సంగతే. అక్కడ 1872లో పొగమంచు హెచ్చరిక కేంద్రం వెలిసింది, తర్వాత లైట్‌హౌస్ వచ్చింది, 1948లో సిబ్బంది వెళ్లిపోయారు. పాడుబడ్డ ఇంటిని సీళ్లను పోలిన సీ లయన్లు ఆక్రమించాయి. ఇప్పుడు పరిశోధకులకు తప్ప ఎవరికీ ప్రవేశం లేదు. కానీ మట్టి కోసుకుపోయి, నేలలో బొరియలు తవ్వి గూడు కట్టే రైనోసరస్ ఆక్లెట్ అనే సముద్ర పక్షికి చోటు కరవైంది. దాంతో పరిశోధకులు దీవి మీద స్థానిక గడ్డి నాటారు, సీ లయన్లు తొక్కకుండా యూకలిప్టస్ దుంగలతో అడ్డు కట్టారు, మట్టితో చేసి కాల్చిన గూళ్లను నేలలో పాతిపెట్టారు. పక్షులు వాటిలో గుడ్లు పెట్టి పిల్లల్ని పొదిగాయి. ప్రవేశం లేని దీవికి కూడా మనిషి చేయి అవసరమైంది.

దూరమా, చేయూతా అన్నది జాతిని బట్టీ, కాలాన్ని బట్టీ తేలవలసిన విషయమే తప్ప ఒక సిద్ధాంతాన్ని బట్టి తేలేది కాదని ఈ మూడు ఉదాహరణలూ చెబుతున్నాయి. పిల్లల్ని కనే కాలంలో సీలుకు కావలసింది దూరం. పచ్చికకు కావలసింది క్రమం తప్పని జోక్యం. పక్షికి కావలసింది ఒకసారి కట్టిపెట్టి తర్వాత వదిలేయడం. చిక్కల్లా ఎక్కడంటే, పరిరక్షణ చట్టాలు చాలావరకు మొదటి రకానికే రాసినవి. వేధించకూడదు, తాకకూడదు, తీసుకుపోకూడదు అన్న నిషేధాలను అమలు చేయడం తేలిక. ఏటా ఇంత నేలను ఫలానా విధంగా కాల్చాలి అన్న బాధ్యతను అమలు చేయడం కష్టం. దానికి తెలిసిన మనుషులు కావాలి, వారికి ఆ నేల మీద హక్కు కావాలి.

ఆ హక్కు దగ్గరే అమా ముత్సున్ తెగ పరిస్థితి బాధ కలిగిస్తుంది. శాన్ హువాన్ బావుతిస్తా, శాంతాక్రూజ్ మిషన్‌లకు తరలించిన ప్రజల వారసులు వీరు. కిరోస్తెలకు ప్రత్యక్ష వారసులు ఎవరూ మిగిలినట్టు తెలియదని, అందువల్ల ఆ నేల పట్ల కర్తవ్యాన్ని తామే భుజాన వేసుకున్నామని వారు చెబుతారు. అమెరికా సమాఖ్య ప్రభుత్వం వారిని గుర్తించిన తెగల జాబితాలో చేర్చలేదు కాబట్టి, తెగలకు కేటాయించే రిజర్వేషన్ భూమి వారికి లేదు. అమా ముత్సున్ ల్యాండ్ ట్రస్ట్ అనే సంస్థను నెలకొల్పుకుని, స్టేట్ పార్కులతో ఒప్పందాల ద్వారా తమ పూర్వీకుల నేల మీద పని చేసే వీలు సంపాదించుకున్నారు. ఆ పని చేసే యువ బృందానికి జీతం ఉంటుంది. దీన్ని గట్టిగా చెప్పడం అవసరం, ఎందుకంటే పార్కుల్లో జరిగే మంచి పనినంతా స్వచ్ఛంద సేవ అనే ఒకే గాటన కట్టడం అలవాటైపోయింది. ఖాళీ సమయం, సొంత వాహనం, నిలకడైన ఆదాయం ఉన్నవారు ఇష్టంతో ఇచ్చే సేవ ఒకటి. భూమి పోగొట్టుకున్న సమాజం తన విద్యను తిరిగి నేర్చుకుంటూ చేసే పని మరొకటి. మొదటిదాన్ని గౌరవించాలి. రెండోదానికి గౌరవంతో పాటు వేతనమూ నిర్ణయాధికారమూ ఇవ్వాలి.

డోసెంట్ల వంతు కూడా ఇక్కడే వస్తుంది. వచ్చే జనమంతా సీళ్ల కోసం వస్తారు. కిరోస్తెల గురించి ప్రారంభంలో ఒక పరిచయ వాక్యం చెప్పి ముందుకు సాగిపోవడం సులభం. అలా చేస్తే వారు సీళ్లకు ముందెప్పుడో ఉండి పోయిన పూర్వరంగంగా మిగిలిపోతారు. గవ్వల దిబ్బలు ఎక్కడున్నాయో అందరికీ చూపించడమూ కుదరదు, ఎందుకంటే దోపిడీ భయంతో పురావస్తు స్థలాల వివరాలను కాలిఫోర్నియా ప్రభుత్వం బహిరంగపరచదు. అక్కడి నుంచి ఒక్క రాతి ముక్క తీసినా నేరం. చూపించకుండానే చెప్పవలసిన చరిత్ర ఇది. దానికి నా దృష్టిలో సరైన చోటు, పరిచయంలో కాదు, సీళ్లు కనిపించే దిబ్బ మీదనే. ఇవి ఇక్కడికి ఎందుకు రాగలిగాయి అని ఎవరైనా అడిగినప్పుడు, నూనె వేటతోనూ రక్షణ చట్టంతోనూ ఆపకుండా, గ్రిజ్లీలూ వేటగాళ్లైన మనుషులూ ఈ ఒడ్డు నుంచి ఎలా మాయమయ్యారో కూడా చెబితే, ఆ చరిత్ర సీళ్ల కథకు అతికించిన అనుబంధంలా కాక అందులో భాగంగా వినిపిస్తుంది. తెగ సభ్యులే వచ్చి శిక్షణ తరగతుల్లో ఈ సంగతులు బోధిస్తే, ఏ మాట ఎలా చెప్పాలన్న నిర్ణయం కూడా వారిదే అవుతుంది.

2020 ఆగస్టు 16న అరుదైన పిడుగుల వాన ఈ కొండల్లో రాజేసిన మంటలు 86 వేల ఎకరాలకు పైగా కాల్చేసి, దాదాపు 1,500 కట్టడాలను బూడిద చేశాక, నిప్పు గురించి మాట్లాడే తీరు ఆ ప్రాంతంలో కొంత మారింది. చిన్న మంటలను రెండు శతాబ్దాల పాటు అణచివేస్తే ఇంధనం ఎంతగా పేరుకుంటుందో అందరూ చూశారు. అయినా కిరోస్తె లోయలో అగ్గిపుల్ల గీయడం అంత తేలిక కాదు. ముందు దశాబ్దాల నాటి ఫర్ చెట్లను నరకాలి, నరికిన కలపను పొడి చేయాలో కుప్ప పెట్టాలో తేల్చాలి, పాములకూ కప్పలకూ హాని కలగని నెలలు చూసుకోవాలి, గాలి నాణ్యత అధికారుల అనుమతి తీసుకోవాలి, ఆ తర్వాత గాలి వేగమూ తేమా కలిసివచ్చే రోజు కోసం ఎదురుచూడాలి. ఈ లోపల ఆ బృందం స్థానిక గడ్డి గింజలు సేకరిస్తుంది, కొత్తగా మొలిచిన ఫర్ మొక్కలను మోకాలెత్తు కాకముందే పీకేస్తుంది.